లైసెన్స్ సస్పెండ్ అయ్యాక కారు ఇన్సూరెన్స్ వెతుకుతున్నారా?

అమెరికాలో లైసెన్స్ సస్పెండ్ అయి మళ్లీ తెచ్చుకునే పనిలో ఉన్నవాళ్లకి ఒక మాట. డీఎంవీ (లైసెన్సులు ఇచ్చే రాష్ట్ర ఆఫీసు) వాళ్లు ఎస్ఆర్-22 అడిగితే అదేదో వేరే ఇన్సూరెన్స్ అనుకుని టెన్షన్ పడకండి, మీకు కనీస కవరేజీ ఉందని ఇన్సూరెన్స్ కంపెనీయే రాష్ట్రానికి పంపే కాగితం అది, అంతే. దాని ఫీజు కొద్ది డాలర్లే, అసలు వాత పెట్టేది ప్రీమియం. (ఫ్లోరిడా, వర్జీనియాల్లో తాగి నడిపిన కేసైతే ఎఫ్ఆర్-44 అనే ఇలాంటి కాగితమే అడుగుతారు, దానికి కావాల్సిన కవరేజీ లిమిట్లు ఇంకా ఎక్కువ.)

ఒక్కో కంపెనీకీ ఫోన్ చేస్తూ కూర్చోకుండా, నాలుగైదు కంపెనీల పాలసీలు అమ్మే ఇండిపెండెంట్ ఏజెంట్‌ని పట్టుకుని, మొదటి మాటలోనే సస్పెన్షన్ సంగతి చెప్పేయండి. దాచినా రికార్డు తీయగానే బయటపడుతుంది, చెప్పిన రేటు మారిపోతుంది. సొంత కారు లేకపోతే నాన్-ఓనర్ పాలసీ అడగండి, మామూలుగా చవక. ఎవరూ ఇవ్వనంటే అసైన్డ్ రిస్క్ ప్లాన్ (ఎక్కడా ఇన్సూరెన్స్ దొరకనివాళ్ల కోసం రాష్ట్రాల్లో ఉండే ఏర్పాటు) గురించి అడగండి, ఖరీదెక్కువే అనుకోండి.

ఆటోపే మాత్రం తప్పకుండా పెట్టుకోండి, కార్డు ఎక్స్‌పైరీ తేదీ కూడా చూసుకోండి. ఒక్క వాయిదా తప్పి పాలసీ రద్దయితే కంపెనీ రాష్ట్రానికి చెప్పేస్తుంది, లైసెన్స్ మళ్లీ పోతుంది, ఎస్ఆర్-22 కొనసాగించాల్సిన గడువు (చాలా చోట్ల 3 ఏళ్లు) కొన్ని రాష్ట్రాల్లో మళ్లీ మొదటి నుంచి లెక్కేస్తారు.