బల్బు వేయగానే కెమెరా ఎంతసేపు తడబడుతుంది? చార్టు పెట్టి కొలిచేయండి

పెళ్లిలో ఫోన్‌తో వీడియో తీస్తుంటారు. సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకి పక్కనున్న వీడియోగ్రాఫర్ తన లైటు వేస్తాడు. అంతే, పెళ్లికూతురి ముఖం తెల్లగా వెలిసిపోయి, వెంటనే మరీ నల్లబడి, ఎప్పటికో మామూలు రంగులోకి వస్తుంది. ఇదంతా ఆటో ఎక్స్‌పోజర్, అంటే వెలుతురుని బట్టి బొమ్మ ప్రకాశాన్ని కెమెరా తనంతట తానే సర్దుకోవడం, చేసే పనే. నా ఫోన్ గొప్పంటే నా ఫోన్ గొప్పని వాదించుకునే బదులు ఒక సాయంత్రం కూర్చుంటే అంకెల్లో తేలిపోతుంది.

బయటి వెలుతురు రాని గది, ట్రైపాడ్, రెండు ఎల్ఈడీ బల్బులు, తెలుపు నుంచి నలుపు దాకా గ్రే మెట్లున్న చార్టు ఉంటే చాలు. ఒక బల్బు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, రెండోదాన్ని స్విచ్‌తో వేస్తాం, ఆర్పుతాం. డిమ్మర్ జోలికి పోవద్దు, మనకి కావలసింది ఒక్కసారిగా వచ్చే మార్పు. పాతకాలం ఫిలమెంట్ బల్బు కూడా పనికిరాదు, ఆర్పాక తీగ చల్లారేదాకా కాస్త వెలుగుతూనే ఉంటుంది. చార్టు దగ్గర లక్స్ మీటర్ (వెలుతురు కొలిచే పరికరం) పెట్టి, మొదటి బల్బుతో 40, రెండూ వేస్తే 320 వచ్చేలా బల్బుల దూరం సర్దండి. ఎనిమిది రెట్లు, అంటే కచ్చితంగా 3 స్టాపులు (వెలుతురు రెట్టింపైతే ఒక స్టాపు).

చాలామంది ఒక్క గ్రే కార్డు (మధ్యరకం బూడిద రంగు అట్ట) పెట్టి మొదలుపెడతారు. నేనూ మొదట అదే చేసి రెండు గంటలు వృథా చేసుకున్నాను. చిక్కెక్కడంటే, కలర్‌చెకర్ అనే రంగు గడుల టెస్టు చార్టులో అడుగు వరుస మధ్య గ్రే గడి తన మీద పడిన వెలుతురులో ఐదో వంతు దాకా తిప్పి పంపుతుంది. వెలుతురు ఎనిమిది రెట్లైతే అది 160 శాతమైనట్టు లెక్క, కెమెరా దాన్ని తన గరిష్ఠ అంకె 255 దగ్గర నొక్కేస్తుంది. ఎంత ఎక్కువైందో తెలియాల్సిన చోటే గ్రాఫ్ పైన బల్లపరుపుగా పడుకుంటుంది. అదే వరుస చివరి నల్ల గడి తిప్పి పంపేది 3 శాతమే, ఎనిమిది రెట్లైనా పాతిక శాతం దాటదు. కాబట్టి చీకటి నుంచి వెలుతురుకి పోయే పరీక్షలో నల్ల గడిని చదవాలి. లైటు ఆర్పే పరీక్షలో తెల్లగడి పక్కనున్న గడిని చూసుకోండి, అక్కడ నల్ల గడి నాయిస్‌లో (చీకట్లో వచ్చే చుక్కల మరకలో) కలిసిపోతుంది.

రికార్డింగ్‌కి ముందు హెచ్‌డీఆర్ (చీకటి, వెలుగు భాగాలు రెండూ కనిపించేలా ఫోన్ సర్దే పద్ధతి) ఆపేయండి, లేకపోతే నల్ల గడిని ఫోన్ తన ఇష్టమొచ్చినట్టు ఎత్తి చూపిస్తుంది. ఫోకస్ లాక్ చేస్తే మంచిదే, కానీ కొన్ని ఫోన్లలో ఫోకస్‌తో పాటు ఎక్స్‌పోజర్ కూడా లాక్ అయిపోతుంది, అప్పుడు కొలవడానికేమీ మిగలదు. పది సెకన్లు కదపకుండా తీయండి, టక్కున లైటు వేయండి, పది సెకన్లాగి ఆర్పండి. ఇలా ఐదుసార్లు, ఎందుకంటే ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది.

తర్వాత ఓపెన్‌సీవీ, ఎఫ్ఎఫ్ఎంపెగ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫ్రేములు విడదీసి, ఆ గడి మధ్య భాగంలో ఆకుపచ్చ ఛానల్ సగటు తీసి స్ప్రెడ్‌షీట్‌లో పోయండి. ఇక్కడో మెలిక ఉంది. ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు, చీకట్లో 30 నుంచి 24కి, ఇంకా కిందికి కూడా పడొచ్చు. అందుకే ఫ్రేములు లెక్కపెట్టి 30తో భాగించకుండా ప్రతి ఫ్రేము టైమ్‌స్టాంప్ (అది తీసిన క్షణం) తీసుకోండి.

ఇప్పుడు అంకెలు చదువుదాం. నల్ల గడి 50 దగ్గర స్థిరంగా ఉందనుకోండి, లైటు పడగానే 128కి ఎగిరింది. 128ని 50తో భాగిస్తే 2.56. వీడియో అంకెలు వెలుతురుతో నేరుగా పెరగవు, గామా అనే వంపు ప్రకారం పెరుగుతాయి; ఆ గామా 2.2 అనుకుని 2.56ని 2.2 ఘాతానికి పెంచితే దాదాపు 7.9, అంటే మీరు వేసిన 3 స్టాపులూ అక్కడ కనిపించాయన్నమాట. తర్వాత ఓ ఆరు ఫ్రేములు కదలిక ఉండదు. అది బద్ధకం కాదు, కొత్త షట్టర్ విలువ సెన్సర్‌కి చేరి ఫలితం కనిపించడానికే రెండు మూడు ఫ్రేములు పడుతుంది, పైగా ఎవరో అడ్డొచ్చినంత మాత్రాన బొమ్మ ఊగిపోకూడదని సాఫ్ట్‌వేర్ కావాలనే ఆగుతుంది. ఆ తర్వాత దిగుతూ దిగుతూ 44కి పడి, తిరిగి 52 దగ్గర ఆగింది. ఆ 44 ఉందే, అదే ఓవర్‌షూట్, అంటే అవసరానికి మించి దిగడం, మొదటి 50తో పోలిస్తే 0.4 స్టాపు. చివరి విలువకి అటూ ఇటూ 5 శాతంలోకి వచ్చి ఇక బయటికి పోని మొదటి ఫ్రేము పట్టుకుని, లైటు వేసిన ఫ్రేము నుంచి అక్కడిదాకా టైము చూడండి, అదే కుదురుకున్న సమయం. అది 1.4 సెకన్లుండి ఓవర్‌షూట్ లేకపోతే, 0.6 సెకన్లలో వచ్చి మూడుసార్లు ఊగేదానికన్నా నాకు అదే నచ్చుతుంది.

గామా 2.2 ఉజ్జాయింపు మాత్రమే, ఫోన్లు తమ సొంత వంపులు వేస్తాయి. కచ్చితంగా కావాలంటే చార్టులోని ఆరు గ్రే గడులే మీకు కొలబద్ద. వాటి డెన్సిటీలు (గడి ఎంత నల్లగా ఉందో చెప్పే అంకెలు) 0.05, 0.23, 0.44, 0.70, 1.05, 1.50. డెన్సిటీలో 0.3 తేడా అంటే ఒక స్టాపు, ఏ అంకెకి ఎన్ని స్టాపులో పట్టిక మీరే వేసుకోవచ్చు. ఇంట్లో ప్రింట్ తీసిన చార్టుకి ఈ అంకెలు వర్తించవు, అయినా రెండు ఫోన్లని పక్కపక్కన పోల్చడానికి సరిపోతుంది, మెరిసే కాగితం మాత్రం వాడొద్దు.

అంతా స్థిరపడ్డాక కూడా గ్రాఫ్ మూడు ఫ్రేములకోసారి పైకీ కిందికీ వణుకుతోందా? కెమెరాని తిట్టకండి, అది బల్బు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్ఈడీ సెకనుకి 100 సార్లు మినుకుతుంది, 30 ఫ్రేములతో తీస్తే ఒక్కో ఫ్రేముకి 3.33 మినుకులు, కాబట్టి అదే వరస మూడు ఫ్రేములకి తిరిగొస్తుంది. మూడు ఫ్రేముల సగటు తీస్తే పోతుంది. లేదా 25 ఫ్రేములతో తీయండి, అప్పుడు ఫ్రేముకి సరిగ్గా నాలుగు మినుకులు పడతాయి.