ఉద్యోగం చేస్తూ కథలు రాస్తున్నారా? ఎక్కడ ఆగిపోతోందో ముందు పట్టుకోండి

ఉద్యోగం చేస్తూ కథలు రాసేవాళ్ళలో ఎవర్ని కదిపినా "టైమ్ లేదండీ" అంటారు. అబద్ధమేమీ కాదు. కానీ పొద్దున తొమ్మిదింటికి బయల్దేరి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే మనిషికి కూడా వారం మొత్తమ్మీద నాలుగైదు గంటలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, దొరికిన ఆ గంటల్లో సగం "పోయినసారి ఎక్కడ ఆపాను, వీడు ఆ మాట ఎందుకన్నాడు" అని వెతుక్కోవడానికే పోతాయి. నా లెక్కలో అసలు సమస్య అదే. ఒకసారి రాయడానికీ మళ్ళీ కూర్చోవడానికీ మధ్య కథ మనసులోంచి జారిపోతోంది. కింద చెప్పినవి చాలావరకు అలా జారిపోకుండా ఆపుకోవడం గురించే. మీకు ఏది తగిలితే అది చూసుకోండి, అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి.

సమస్య: ల్యాప్‌టాప్ తెరిచి అరగంటైనా ఒక్క వాక్యం రాదు

కారణం: పోయినసారి మీరు ఆపిన చోటు మంచిది కాదు. మనలో ఎక్కువమందికి ఒక సీను పూర్తిచేసి, చుక్క పెట్టి, హమ్మయ్య అనుకుని లేవడం అలవాటు. ఆ రోజుకి తృప్తిగానే ఉంటుంది కానీ మూడు రోజుల తర్వాత వచ్చి కూర్చుంటే ఎదురుగా ఖాళీ పేజీ తప్ప ఏమీ ఉండదు. పైగా బుర్ర నిండా ఆఫీసు.

పరిష్కారం: తర్వాత ఏం జరుగుతుందో తెలిసి ఉండగానే ఆపేయండి. వాక్యం మధ్యలో ఆపినా ఫర్వాలేదు. లేచే ముందు రెండు నిమిషాలు పెట్టి కింద ఒక చీటీ రాసుకోండి. ఆ చీటీలో "సీను కంటిన్యూ చేయాలి", "ఇక్కడ ఎమోషన్ పెంచాలి" లాంటివి రాస్తే ఉపయోగం లేదు, పాత్ర చేసే పనే రాయాలి. ఒక అత్తాఅల్లుళ్ళ కథ రాస్తున్నారనుకోండి, చీటీ ఇలా ఉండాలి: "సూరమ్మ తాళంచెవి ఇవ్వదు. కొంగు ముడి విప్పినట్టే విప్పి మళ్ళీ బిగిస్తుంది. అల్లుడు చూస్తాడు, ఏమీ అనడు. బయట పాలవాడు పిలుస్తాడు." ఇది చదివిన వ్యక్తికి, వారం తర్వాత చదివినా, చెయ్యి దానంతటదే కదులుతుంది. ఇంకొకటి, కూర్చోగానే కథ మొత్తం మొదటినుంచీ చదవకండి. అలా చదివితే మొదటి పేరానే దిద్దుతూ ఉండిపోతారు, ఉన్న గంటా అక్కడే అయిపోతుంది. చివరి పేజీ చదవండి, చీటీ చదవండి, మొదలుపెట్టండి.

సమస్య: రాత్రి అందరూ పడుకున్నాక రాద్దామంటే కళ్ళు మూతలు పడుతున్నాయి

కారణం: నిద్ర. రచయితలు రాత్రిళ్ళే రాస్తారన్న నమ్మకం ఒకటి మనకి బలంగా పాతుకుపోయింది. జర్మన్ భాషలో రాసిన కథకుడు కాఫ్కా పేరు చెబుతారు. ఆయన ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో ఉద్యోగం చేస్తూ రాత్రిళ్ళు రాసిన మాట నిజం, 1912 సెప్టెంబరు 22 రాత్రి కూర్చుని తెల్లారేసరికి ఒక కథ మొత్తం పూర్తిచేసిన మాటా నిజం. కానీ ఆయన ఆఫీసు మధ్యాహ్నం రెండింటికి అయిపోయేది, ఇంటికెళ్ళి భోంచేసి కాసేపు పడుకుని లేచి ఆ తర్వాత రాత్రి రాతకి కూర్చునేవాడు. ఆ మధ్యాహ్నం నిద్ర సంగతి ఎవరూ చెప్పరు! ఆ నిద్రపోయినా కూడా తన ఉద్యోగం రాతని తినేస్తోందని ఆయన జీవితాంతం బాధపడ్డాడు. రాత్రి ఏడున్నర వరకు స్క్రీన్ ముందు కూర్చుని, తొమ్మిదింటికి అమెరికా వాళ్ళతో కాల్ కూడా ఉన్నవాళ్ళు పదకొండింటికి కథ రాయలేకపోతే అది బద్ధకం కాదు.

పరిష్కారం: మీ బుర్ర ఏ వేళకి చురుగ్గా ఉంటుందో ఒక రెండు వారాలు గమనించి, ఆ వేళ రాతకివ్వండి, మిగతా పనులు అలసిన వేళకి తోయండి. చాలామందికి అది తెల్లవారుజామే అవుతుంది. ఇంగ్లండులో నవలాకారుడు ఆంథనీ ట్రాలప్ పోస్టాఫీసు శాఖలో ఉద్యోగం చేస్తూ పొద్దున్నే 5:30కల్లా బల్ల ముందు కూర్చునేవాడు, గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకి 250 పదాల చొప్పున రాసేవాడు. అన్ని పదాలు మనకి అక్కర్లేదు. పావుగంట లెక్క మాత్రం పనికొస్తుంది, గంట దొరికితేనే రాస్తానని కూర్చునేవాళ్ళకి మరీను. రాత్రి కాల్స్ తప్పనివాళ్ళయితే తెల్లవారుజాము జోలికి పోవద్దు. ఆరు గంటల నిద్ర కూడా లేకుండా రాసింది నెలలోపే ఆగిపోతుంది. లంచ్‌లో ఇరవై నిమిషాలు, లేదా ఆదివారం పొద్దున ఒక్క సిట్టింగ్, అంతే పెట్టుకోండి.

సమస్య: తెల్లవారుజామున లేస్తే రాత కాదు, వంటిల్లే పిలుస్తోంది

ఇది ఎక్కువగా ఆడవాళ్ళ సమస్య. ట్రాలప్ గురించి చెప్పేవాళ్ళు ఇంకో విషయం కూడా చెప్పాలి, ఆయన్ని పొద్దున్నే నిద్రలేపడానికి ఒక పనివాడు ఉండేవాడు, ఆ పనికి ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాడు. ఐదింటికి లేచి టిఫిను, క్యారేజీలు, పిల్లల యూనిఫాంలు చూసుకుని తొమ్మిదింటికి ఆఫీసులో ఉండాల్సిన మనిషికి "క్రమశిక్షణ ఉంటే రాయొచ్చు" అని చెప్పడం అన్యాయం. ఆమెకి క్రమశిక్షణ చాలకపోవడం కాదు, ఇంట్లో పని పంచుకునేవాళ్ళు లేకపోవడమే కారణం.

పరిష్కారం అంత తేలిక కాదు, తెలుసు. అయినా ఒకటి చెబుతాను. "నాకు రాసుకోవడానికి కొంచెం టైమ్ కావాలి" అని అడిగితే అందరూ సరేనంటారు, ఎవరూ ఏమీ మార్చరు. "మంగళవారం, శుక్రవారం రాత్రి గిన్నెలు, పిల్లల హోంవర్కు మీవి, ఎనిమిది నుంచి తొమ్మిది నేను ఆ గదిలో ఉంటాను, తలుపేసి ఉంటుంది" అని రోజూ, పనీ, గంటా పేరుపెట్టి చెప్పండి. మొదటి రెండు వారాలు తలుపు తడతారు, ఉప్పు డబ్బా ఎక్కడ అని కూడా అడుగుతారు. బయటికి రాకుండా లోపలినుంచే జవాబు చెప్పండి. ఇంట్లో గది లేకపోతే ఆఫీసు నుంచి బయల్దేరే ముందు అరగంట మీ కుర్చీలోనే కూర్చుని రాసుకోండి, ఇంటికి వచ్చాక దొరుకుతుందని ఆశపెట్టుకోకండి.

సమస్య: నా పాత్రలన్నీ ఆఫీసు మెయిల్‌లా మాట్లాడుతున్నాయి

కారణం: రోజంతా చదివేదీ రాసేదీ అదే భాష. సర్క్యులర్లు, స్టేటస్ రిపోర్టులు, "దయచేసి గమనించగలరు"లు. సాయంత్రానికి "ఆమె తన అసంతృప్తిని వ్యక్తం చేసింది" అని రాసేస్తాం, రాసినట్టు కూడా తెలీదు. అదే మీ మేనత్త అయితే ఏం చేస్తుంది? గిన్నె ఠప్పున పెట్టి, "తిను, తినకపో" అని లోపలికి వెళ్ళిపోతుంది.

పరిష్కారం: రాయడానికి ముందు ఓ పది నిమిషాలు మంచి తెలుగు కథ ఏదైనా పైకి చదవండి, మనసులో కాదు, నోటితో. ఆఫీసు భాష చెవిలోంచి దిగిపోతుంది. రాశాక మీ సంభాషణలు కూడా పైకి చదవండి. నోరు తిరగని చోటల్లా ఆ మాట ఆ మనిషిది కాదన్నమాట.

సమస్య: రోజంతా ఆఫీసే, ఇక రాయడానికి విషయమేముంది?

దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. కథ ఎక్కడో పల్లెటూళ్ళోనో చిన్నప్పటి జ్ఞాపకాల్లోనో ఉందనుకుని, రోజుకి తొమ్మిది గంటలు గడిపే చోటుని కథకి పనికిరాదని పక్కనపెట్టేస్తున్నాం. కథకుడు రావిశాస్త్రిగారు విశాఖపట్నంలో వకీలు. మద్యనిషేధం రోజుల్లో సారా కేసులు, పోలీసులు, కోర్టులు, వాటిలో నలిగే బీదవాళ్ళు, ఇవన్నీ ఆయన రోజూ చూసిన లోకం, 'ఆరు సారా కథలు' అందులోంచే వచ్చాయి. ఆయన వృత్తి ఆయన రాతకి అడ్డం పడలేదు, ముడిసరుకు ఇచ్చింది.

మీరు బ్యాంకులో పనిచేస్తుంటే నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం వచ్చే పెన్షనర్లని చూడండి. ఒక పెద్దాయన వేలిముద్ర మిషన్ మీద పడదు. పంచెకి బొటనవేలు తుడుచుకుని మళ్ళీ పెడతాడు, పడదు, ఈసారి నోటితో ఊది తుడుస్తాడు, వెనక లైన్లో వాళ్ళు విసుక్కుంటుంటే వాళ్ళవైపు తిరిగి క్షమాపణ అడుగుతున్నట్టు నవ్వుతాడు. బతికే ఉన్నానని రుజువు చేసుకోవడానికి అంత అవస్థ. ఇంతకన్నా విషయం ఏం కావాలి?

పరిష్కారం: రోజూ ఒక్క మనిషి చేసిన ఒక్క పనిని రెండు వాక్యాల్లో ఫోన్‌లో రాసుకోండి. మీ అభిప్రాయం వద్దు, చూసింది చాలు. మెట్రోలో నిలబడి కూడా ఇది చేయొచ్చు. చేతులు ఖాళీ లేకపోతే ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది, తప్పులు పడతాయి కానీ నోట్స్‌కి సరిపోతుంది.

సమస్య: మార్చి వచ్చిందంటే అన్నీ ఆగిపోతాయి

బ్యాంకులో ఇయర్ ఎండింగ్, టీచర్లకి పేపర్ల వాల్యుయేషన్, సాఫ్ట్‌వేర్ వాళ్ళకి రిలీజ్. ఇవి ప్రతి ఏడూ వచ్చేవే, అయినా ప్రతి ఏడూ కొత్తగా వచ్చినట్టు దెబ్బతింటాం. కాబట్టి క్యాలెండర్‌లో ఆ వారాలు ముందే గీత కొట్టేసుకోండి. ఆ రోజుల్లో కొత్త కథ వద్దు, పాతదానిలో అచ్చుతప్పులు దిద్దడం, పైన చెప్పిన రెండు వాక్యాలు, అంతే. ఉగాది పోటీకి పంపాలనుకుంటే కథ సంక్రాంతి సెలవుల్లోపే ఒక రూపానికి రావాలి. చివరి రాత్రి కూర్చుని పంపే కథకి హామీపత్రం (కథ సొంతదని, ఇంకెక్కడా అచ్చుకాలేదని రాసిచ్చే కాగితం) జతచేయడం మర్చిపోయేవాళ్ళు చాలామంది, దానితో కథ చదవకుండానే పక్కన పెట్టేస్తారు.

సమస్య: ఆఫీసులో తెలిస్తే ఏమంటారో

ఇది రాయనివ్వని భయాల్లో పెద్దది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో 15వ నియమం ప్రకారం, అప్పుడప్పుడూ చేసే సాహిత్య, కళా సంబంధమైన పనికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, ఉద్యోగ బాధ్యతలకి మాత్రం భంగం రాకూడదు. పుస్తకం వేసినా పత్రికలో రాసినా అందులోని అభిప్రాయాలు మీవేనని, ప్రభుత్వానివి కావని స్పష్టం చేయాలి. ప్రభుత్వ విధానాల మీద విమర్శ విషయంలో మాత్రం విడిగా ఆంక్షలున్నాయి, అవి చదువుకోండి. రాష్ట్ర ఉద్యోగులకి వేరే నియమాలుంటాయి. ప్రైవేటు ఉద్యోగమైతే అపాయింట్‌మెంట్ లెటర్ తీసి, బయటి పనుల గురించి, మీరు తయారుచేసే వాటిమీద హక్కుల గురించి ఏం రాశారో చూడండి. ఏది ఎలా ఉన్నా కథని ఆఫీసు ల్యాప్‌టాప్‌లో, ఆఫీసు మెయిల్‌లో పెట్టకండి. ఉద్యోగం మారిన రోజున అది తిరిగి మీ చేతికి రాకపోవచ్చు.

ఇక పక్క సీటు ఆయన తనని తాను గుర్తుపడతాడేమో అన్న భయానికి మందు కథలోనే ఉంది. పేరొక్కటి మారిస్తే చాలదు. వయసు, ఊరు, హోదా, కుటుంబం మార్చండి, ఇద్దరు మనుషుల్ని కలిపి ఒకర్ని చేయండి, ఆయన పంచుకున్న సొంత రహస్యం ఏదైనా ఉంటే అది పూర్తిగా వదిలేయండి. అలా మార్చాక కథ నిలబడకపోతే అందులో ఇంకా కథ తయారవలేదన్నమాట, ఇంకొన్నాళ్ళు నోట్స్‌లోనే ఉంచి, వేరేది రాయండి.