విండోస్ 11కు మారేముందు: స్క్రీన్ రీడర్ మూగబోకుండా జాగ్రత్తలు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14న ఆగిపోయింది. సొంత కంప్యూటర్లకు సెక్యూరిటీ అప్‌డేట్ల పొడిగింపు తీసుకున్నవాళ్లకు కూడా 2026 అక్టోబరు 13 వరకే గడువు. కాబట్టి కర్నూలు, అనంతపురం, కడపల్లో ఎన్‌వీడీఏతో (తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఉచిత స్క్రీన్ రీడర్) చదువుకుంటున్నవాళ్లూ ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లూ ఈ మార్పు ఇవాళ కాకపోతే రేపైనా చేసుకోవాల్సిందే. చూపున్నవాళ్లకు అప్‌గ్రేడ్ తర్వాత శబ్దం రాకపోతే పాటలు వినపడవు, అంతే. స్క్రీన్ రీడర్ మీద ఆధారపడ్డవాళ్లకు శబ్దం పోతే కంప్యూటరే పోయినట్టు. అందుకే మొదలుపెట్టేముందే, మాట వినిపించడానికి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దారులు చేతిలో పెట్టుకోవాలి.

ముందు కంప్యూటర్ పనికొస్తుందో లేదో చూసుకోండి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత ప్రోగ్రాం స్క్రీన్ రీడర్‌తో బాగానే చదువుతుంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (కంప్యూటర్ లేచేటప్పటి భద్రతా ఏర్పాటు) ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఆ పైది కావాలి. 4 జీబీ అనేది కాగితం మీది లెక్క. స్క్రీన్ రీడర్, బ్రౌజర్, వర్డ్ కలిసి నడవాలంటే 8 జీబీ లేకుండా దిగొద్దు, లేదంటే ప్రతి బాణం కీకీ మాట ఆలస్యంగా వస్తుంది. అర్హత లేని కంప్యూటర్‌లో రిజిస్ట్రీ మార్చి ఎక్కించే చిట్కాలు చాలా తిరుగుతున్నాయి. అలా ఎక్కించినదానికి తర్వాతి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు, వాటి జోలికి పోకపోవడమే మేలు.

టీపీఎం, సెక్యూర్ బూట్ ఆపేసి ఉంటే బయోస్‌లోకి (విండోస్ లేవకముందే వచ్చే సెట్టింగుల తెర) వెళ్లి ఆన్ చేయాలి. అక్కడ ఏ స్క్రీన్ రీడరూ పలకదు. పక్కన చూపున్న మనిషి ఉండాలి, లేదా ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి ఎవరిచేతైనా చదివించుకోవాలి. ఇంకో చిక్కుంది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే (అందులోని ఫైళ్లకు తాళం పడి ఉంటే), బయోస్‌లో మార్పు చేశాక, ఆ తాళం వేసే విండోస్ ఏర్పాటు బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన రోజే ఈ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయిపోయి ఉంటుంది, వాడేవాళ్లకు సంగతే తెలీదు. కీ ఆ ఖాతాలోనే ఉంటుంది. ఇప్పుడే తెరిచి, ఆ అంకెలు ఫోన్‌లో దాచుకోండి. ఆఫీసు కంప్యూటర్ అయితే కీ వాళ్ల ఐటీ విభాగం దగ్గర ఉంటుంది, వాళ్లకు చెప్పకుండా ఏదీ ముట్టుకోవద్దు.

పెన్‌డ్రైవ్‌లో మాట

మొదట ఎన్‌వీడీఏను కొత్త వెర్షన్‌కు మార్చి రెండు మూడు రోజులు వాడండి. ఏటా వచ్చే మొదటి వెర్షన్‌తో పాత యాడాన్‌లు (ఎన్‌వీడీఏకు అదనంగా వేసుకునే చిన్న ప్రోగ్రాంలు) చాలావరకు పనిచేయకుండా పోతాయి. విండోస్, ఎన్‌వీడీఏ రెండూ ఒకేరోజు మారిస్తే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం కష్టం.

తర్వాత పోర్టబుల్ కాపీ, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఎన్‌వీడీఏ. ఎన్‌వీడీఏ కీతో (మామూలుగా ఇన్సర్ట్ కీ) ఎన్ నొక్కి, టూల్స్‌లో క్రియేట్ పోర్టబుల్ కాపీ ఎంచుకోండి. మీ సెట్టింగులు కూడా రావాలంటే అక్కడి కాపీ కరెంట్ యూజర్ కాన్ఫిగరేషన్ పెట్టెకు టిక్ ఉండాలి. పెన్‌డ్రైవ్‌లో ఒక జీబీ ఖాళీ ఉంటే ఎక్కువే. ఏ ఫోల్డరూ పెట్టకుండా నేరుగా డ్రైవ్‌లోకే కాపీ చేయండి. కారణం ఇది: ఏ మాటా వినపడనప్పుడు విండోస్ కీతో ఆర్ నొక్కి, డ్రైవ్ అక్షరం, కోలన్, బ్యాక్‌స్లాష్, ఎన్‌వీడీఏ అని ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ చేస్తే చాలు. దారి పొట్టిగా ఉంటే చూడకుండా కొట్టేయొచ్చు. పెన్‌డ్రైవ్‌కు మామూలుగా ఏ అక్షరం వస్తుందో ముందే చూసుకుని, ఒకసారి ఇలాగే నడిపించి చూడండి. పోర్టబుల్ కాపీ లాగిన్ తెరమీదా, అనుమతి అడిగే తెరమీదా పలకదు. ప్రోగ్రాం తెరవగానే ఉన్నట్టుండి నిశ్శబ్దమైతే అది అనుమతి తెరే అయ్యుంటుంది. ఆ ప్రోగ్రాం మీరు తెరిచినదే అయితే ఆల్ట్‌తో వై నొక్కండి.

ఇక గొంతు. ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, ఎస్ కలిపి నొక్కి సింథసైజర్‌ను (అక్షరాలను మాటగా మార్చే ప్రోగ్రాం) ఈస్పీక్ ఎన్‌జీకి మార్చి సేవ్ చేయండి. వినసొంపుగా ఉండదు, ఒప్పుకోవాల్సిందే. కానీ అది ఎన్‌వీడీఏలోనే ఉంటుంది, విండోస్ గొంతుల మీద ఆధారపడదు, తెలుగూ చదువుతుంది. విండోస్‌తో పాటు వచ్చే గొంతుల్లో హిందీ, తమిళం ఉన్నాయి గానీ తెలుగు లేదు. అందుకే అత్యవసరానికి వాడే నెరేటర్, అంటే విండోస్‌లోనే ఉండే స్క్రీన్ రీడర్, తెలుగు అక్షరాలు వచ్చినచోట దాటేస్తుంది. ఫైళ్లకు, ఫోల్డర్లకు తెలుగు పేర్లు పెట్టుకున్నవాళ్లు ముఖ్యమైనవాటికి ఈ కొన్నాళ్లకు ఇంగ్లిష్ పేర్లు పెట్టుకుంటే తడబాటు ఉండదు.

ఎన్‌వీడీఏ జనరల్ సెట్టింగుల్లో, సైన్ ఇన్ సమయంలో ఎన్‌వీడీఏ వాడమనే పెట్టెకు టిక్ పెట్టండి. ఇప్పుడున్న సెట్టింగులనే అక్కడా వాడమనే బటన్ కూడా నొక్కండి. జాస్ అనే ఇంకో స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు లైసెన్స్ నంబరు రాసిపెట్టుకుని, తమ వెర్షన్ విండోస్ 11కు పనికొస్తుందో లేదో తేల్చుకోవాలి.

శబ్దం ఎందుకు పోతుంది

ఎక్కువగా జరిగేవి రెండు. ల్యాప్‌టాప్ సౌండ్ డ్రైవర్‌ను అప్‌గ్రేడ్ తీసేసి ఇంకోటి పెడుతుంది, అది కుదరదు. లేదా శబ్దం స్పీకర్‌కు బదులు హెచ్‌డీఎంఐ తీగతో ఉన్న మానిటర్‌కు వెళ్తుంది. ఆ మానిటర్‌కు చాలాసార్లు స్పీకరే ఉండదు. రెండింటికీ మందు యూఎస్‌బీ హెడ్‌సెట్ లేదా చిన్న యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్. దీనికి వేరే డ్రైవర్ అక్కర్లేదు, విండోస్‌లో ఉన్నదే సరిపోతుంది. బ్లూటూత్ హెడ్‌సెట్‌ను ఆరోజు నమ్ముకోవద్దు. మీ ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి సౌండ్, వైఫై డ్రైవర్లు దించి అదే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.

దుకాణానికి ఇస్తే

అనంతపురం క్లాక్‌టవర్ దగ్గరైనా, కడప ఏడురోడ్ల దగ్గరైనా దుకాణంలో ఇచ్చి "విండోస్ 11 వేయండి" అంటే, చాలామంది చేసేది మొత్తం తుడిచి కొత్తగా ఎక్కించడమే. వాళ్లకు అది తేలిక. మీకు మాత్రం ఎన్‌వీడీఏ, యాడాన్‌లు, సెట్టింగులు అన్నీ పోయి, మూగ కంప్యూటర్ చేతికొస్తుంది. నోరు తెరిచి చెప్పాలి: "అన్నా, ఫార్మాట్ కొట్టాకు. ఉండేదాని మిందనే అప్‌గ్రేడ్ చెయ్యి. ఫైళ్లు, సాఫ్ట్‌వేర్లు ఏవీ పోకూడదు." ఇన్‌స్టాలర్‌లో కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్ అనే ఎంపిక ఇందుకే ఉంది. అక్కడ మీరే వినాలి. అయినా ఫైళ్ల బ్యాకప్ బయటి డిస్క్‌లో పెట్టుకున్నాకే ఇవ్వండి.

ఏ రోజు, ఏ వేళ

పోటీపరీక్ష దరఖాస్తుకు చివరి తేదీ దగ్గరున్న వారంలో వద్దు. డౌన్‌లోడ్ ఐదారు జీబీ ఉంటుంది. రోజుకు జీబీన్నర ఇచ్చే ఫోన్ ప్యాక్‌తో సగంలో ఆగుతుంది. నెట్ సెట్టింగుల్లో మీటర్డ్ కనెక్షన్ (డేటా పొదుపుగా వాడమని) అని పెట్టి ఉంటే విండోస్ అసలు దించదు. మన జిల్లాల్లో ఎండాకాలం మధ్యాహ్నం కరెంటును నమ్మడానికి లేదు, ల్యాప్‌టాప్ నిండా చార్జ్ చేసి తీగ తీయకుండా ఉంచండి. డెస్క్‌టాప్‌కు ఇంటి ఇన్వర్టరే దిక్కైతే, చాలా ఇన్వర్టర్లలో యూపీఎస్, ఎకో అని స్విచ్ ఉంటుంది, యూపీఎస్ వైపు పెట్టండి. ఎకోలో ఉంటే కరెంటు పోయిన క్షణం డెస్క్‌టాప్ రీస్టార్ట్ అవుతుంది, అప్‌గ్రేడ్ మధ్యలో అది జరగకూడదు. వేరే కంపెనీ యాంటీవైరస్ ఉంటే ఆరోజుకు తీసేయండి.

మొదలయ్యాక కంప్యూటర్ చాలాసార్లు రీస్టార్ట్ అవుతుంది. అరగంట నుంచి రెండు గంటల దాకా ఏ మాటా రాదు. ఇక్కడే తొందరపడి పవర్ బటన్ పట్టుకుని ఆపేస్తారు. వద్దు. కెమెరాతో చూసి చదివే సీయింగ్ ఏఐ, లుకౌట్ లాంటి యాప్ తెరిచి ఫోన్‌ను తెరముందు పెడితే ఎంత శాతం అయ్యిందో చదివి చెబుతుంది.

లేచాక మాట రాకపోతే

మొదట విండోస్, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కండి. నెరేటర్ పలికిందంటే శబ్దం బాగుంది, ఎన్‌వీడీఏనే లేవలేదు. అప్పుడు ఎన్‌వీడీఏను లేపడానికి కంట్రోల్, ఆల్ట్, ఎన్ కలిపి నొక్కండి. అదీ కాకపోతే పెన్‌డ్రైవ్ కాపీ. ఎన్‌వీడీఏ లేవగానే నెరేటర్‌ను అవే కీలతో ఆపేయండి, రెండు గొంతులు కలిస్తే ఏదీ అర్థం కాదు. నెరేటరూ పలకలేదంటే యూఎస్‌బీ హెడ్‌సెట్ గుచ్చి పది క్షణాలు ఆగి, నెరేటర్ కీలు మళ్లీ నొక్కండి. మొదటిసారి అది వినపడకుండానే లేచి ఉంటే ఈ నొక్కుతో ఆగిపోతుంది, కాబట్టి రాకపోతే ఇంకోసారి. మాట వచ్చాక విండోస్, కంట్రోల్, వీ నొక్కితే శబ్దం ఎటు పోవాలో ఎంచుకునే జాబితా వస్తుంది. లాగిన్ తెర దాటగానే ప్రైవసీ ప్రశ్నల తెర ఒకటి అడ్డం రావచ్చు. ఎన్‌వీడీఏ లేవలేదని కంగారు పడకుండా నెరేటర్‌తో ట్యాబ్ నొక్కుతూ దాటేయండి.

అలవాటైన కొన్ని మారతాయి. నోటిఫికేషన్లు ఇప్పుడు విండోస్ కీతో ఎన్, వైఫై, వాల్యూమ్ వగైరా విండోస్ కీతో ఏ. ఫైళ్ల మీద వచ్చే మెనూ పొట్టిదైంది, పాతది కావాలంటే షిఫ్ట్‌తో ఎఫ్10. విండోస్ కీతో యూ నొక్కితే యాక్సెసిబిలిటీ సెట్టింగులు, మునుపు ఈజ్ ఆఫ్ యాక్సెస్ అనేవాళ్లు. తెలుగు కీబోర్డు ఉందో లేదో విండోస్ కీతో స్పేస్ నొక్కి వినండి. అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లు మాత్రం ఎప్పట్లాగే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలుగానే చదువుతాయి. అది యూనికోడ్ కాకపోవడం వల్ల, అప్‌గ్రేడ్ తప్పు కాదు.

అసలే కుదరకపోతే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ ఉంది. 10 రోజులే ఉంటుంది. ఈలోగా డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్‌ను తుడిచేస్తే ఆ దారీ మూసుకుపోతుంది. వెనక్కి పోతే అప్‌గ్రేడ్ తర్వాత వేసుకున్న ప్రోగ్రాంలు పోతాయి. కాబట్టి ఆ పది రోజులూ కొత్తవేమీ వేయకుండా, రోజూ చేసే పనులన్నీ ఒక్కోటీ చేసి చూడండి: బ్యాంకు సైటు, ప్రింటర్, బ్రెయిలీ డిస్‌ప్లే, వర్డ్‌లో తెలుగు టైపింగ్.