వజ్రంలో కొండ, కడలి
పర్లాకిమిడి, బరంపురం వైపు పిల్లలచేత తెలుగులో కవిత రాయించాలంటే వజ్రాకృతి పట్టుకోండి: ఒక మాటతో మొదలై, దానికి ఎదురు మాటతో ముగిసే ఏడు వరుసల కవిత. వరుసకు మాటలు 1, 2, 3, 4, 3, 2, 1. మన మహేంద్రగిరి కొండతోనే:

కొండ
ఎత్తైన, పచ్చని
నిలుస్తూ, కాస్తూ, చెమరుస్తూ
ఊట, వాగు, పడవ, అల
పొంగుతూ, విరుగుతూ, ఘోషిస్తూ
లోతైన, ఉప్పని
కడలి

పట్టంతా నాలుగో వరుసలోనే. అందులో మొదటి రెండు మాటలూ కొండవి, తర్వాతి రెండూ కడలివి. ఆ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ నది బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది కదా, మలుపు దానంతటదే దొరికింది! అందుకే ముందు రెండు కొసలూ, వెంటనే ఈ నడిమి వరుసా రాయించండి. గుణాలు, క్రియలు తర్వాత వాటంతటవే వస్తాయి. సమాసాలు మాత్రం వద్దు, లెక్క చెడుతుంది.