మత్తు మానేటప్పుడు: ఇంట్లో ఆగగలిగేది ఏది, ఆసుపత్రికి వెళ్లవలసింది ఏది

ఇంట్లో ఒకరు మత్తు మానేస్తానన్నప్పుడు, ఆ పదార్థం ఆగితే శరీరం ఎదురు తిరుగుతుందా, లేక మనసు మాత్రమే దాన్ని వెతుక్కుంటుందా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

గంజాయిది ఎక్కువగా మానసిక వ్యసనమే అయినా, ఒంటికేమీ కాదనే మాట నిజం కాదు. రోజూ తాగినవారికి మానిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం మొదలై, మొదటి వారంలో ముదిరి, ఆపై రెండు మూడు వారాల్లో సద్దుమణుగుతాయి. అసలు చిక్కు ఆ తర్వాతే. హన్మకొండలో పాత స్నేహితులు కూర్చునే చోటు మీదుగా సాయంత్రం బండి వెళ్లగానే మనసు లాగుతుంది కనుక, దారి మార్చడం, ఆ వేళకు వేరే పని పెట్టుకోవడం, ఫోన్లో ఆ నంబర్లు తీసేయడం తప్పనిసరి. ఒట్లు వేయించుకోవడం కంటే ఇవే పనిచేస్తాయి.

మద్యం సంగతీ, అల్ప్రాజోలం లేదా డైజీపాం అనే నిద్ర, మత్తు మందులు కలిపిన కల్తీ కల్లు సంగతీ వేరు. ఏళ్లుగా తాగినవారు ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, చెమటలు, లేనివి కనిపించడం, ఫిట్స్ రావచ్చు. ప్రాణం కూడా పోవచ్చు. ఇలాంటప్పుడు గాలి సోకిందని తాయెత్తులు కట్టిస్తూ కూర్చోకుండా, వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి. మందులిచ్చి, వాటి మోతాదును క్రమంగా తగ్గించే పని వైద్యులదే.

హెరాయిన్ మానినవారికి వాంతులు, విరేచనాలు, ఒళ్లునొప్పులు తీవ్రంగా ఉంటాయి. కొన్నాళ్లు ఆపి మళ్లీ పాత మోతాదే తీసుకుంటే శరీరం తట్టుకోలేదు.

ఏది, ఎంత, చివరిసారి ఎప్పుడు తీసుకున్నారో కాగితం మీద రాసి వైద్యునికి ఇవ్వండి. ముందుగా సలహా కావాలంటే 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.