స్ట్రక్చర్‌లో అర్రే సున్నా కావట్లేదా? సైజాఫ్‌లో ఏం రాశారో చూడండి

సమస్య: సీ ప్రోగ్రాంలో స్ట్రక్చర్‌ని సున్నా చేయడానికి మెమ్‌సెట్ (ఇచ్చిన చోటు నుంచి చెప్పినన్ని బైట్లని ఒకే విలువతో నింపే ఫంక్షన్) వాడారు. ప్రింట్ చేస్తే రోల్ నంబర్ 0, మార్కుల అర్రేలో మొదటి గడి 0, రెండో గడి నుంచి అంతా చెత్త.

ముందు ఒక్క సంగతి తేల్చుకోండి, అసలు ఆ మెమ్‌సెట్ లైను రన్ అవుతోందా? గ్లోబల్, స్టాటిక్ వేరియబుల్స్ వాటంతటవే సున్నా అవుతాయి. ఫంక్షన్ లోపల మామూలుగా డిక్లేర్ చేసినవి కావు, మాలాక్ (రన్ అవుతున్నప్పుడు మెమరీ అడిగి తెచ్చుకునే ఫంక్షన్) ఇచ్చిన మెమరీ కూడా కాదు. చాలామంది ఇది చూడకుండానే డీబగ్గర్ తెరుస్తారు.

రన్ అవుతోంది, అయినా చెత్తే వస్తోందంటే దొంగ దాదాపుగా సైజాఫే, అంటే ఎన్ని బైట్లో లెక్క చెప్పే ఆపరేటర్. మెయిన్‌లో ఎస్ అనే స్ట్రక్చర్‌కి సైజాఫ్ ఎస్ అని రాసినంతవరకు బాగానే ఉంటుంది. తర్వాత ఆ కోడ్‌ని ఫంక్షన్‌లోకి మారుస్తాం, ఎస్ కాస్తా పి అనే పాయింటర్ (స్ట్రక్చర్ ఉన్న అడ్రస్‌ని దాచుకునే వేరియబుల్) అవుతుంది, ఎస్ ఉన్నచోటల్లా పి పెట్టేస్తాం. ఇప్పుడు సైజాఫ్ పి అంటే స్ట్రక్చర్ సైజు కాదు, పాయింటర్ సైజు: 64 బిట్ మెషీన్‌లో 8 బైట్లు. రోల్ నంబర్ ఒక ఇంట్ (4 బైట్లు), మార్కులు 50 ఇంట్‌లు, మొత్తం 204 బైట్లు. అందులో మొదటి 8 తుడిచి మెమ్‌సెట్ చేతులు దులుపుకుంటుంది. రోల్ నంబరూ మొదటి గడీ మాత్రమే సున్నా అయింది అందుకే.

నన్ను రెండు రాత్రులు కూర్చోబెట్టిన బగ్ ఇదే. విడిగా టెస్ట్ చేస్తే అన్నీ సున్నాలే వచ్చేవి, ఎందుకంటే స్టాక్‌లో (ఫంక్షన్ల లోపలి వేరియబుల్స్ ఉండే మెమరీలో) ఆ చోటు అప్పటికింకా ఎవరూ వాడలేదు. దానికి ముందు ఇంకో ఫంక్షన్‌ని పిలిస్తే చాలు, అది వదిలిన ఎంగిలి మార్కుల్లో కనబడేది.

పరిష్కారం: సైజాఫ్‌లో పి ముందు స్టార్ పెట్టండి, అప్పుడు పాయింటర్‌ది కాక అది చూపే స్ట్రక్చర్ సైజు వస్తుంది. జీసీసీ కంపైలర్‌కి డ్యాష్ వాల్ (-Wall) ఆప్షన్ ఇస్తే ఈ తప్పుకి వార్నింగ్ వస్తుంది. సైజుని ముందే వేరే వేరియబుల్‌లో దాచుకుంటే మాత్రం రాదు. డిక్లేర్ చేసేచోటే అయితే మెమ్‌సెట్ ఎందుకు? ఈక్వల్‌టు పెట్టి బ్రేసుల్లో ఒక్క సున్నా రాయండి, లోపలి అర్రేతో సహా మెంబర్లన్నీ సున్నా అవుతాయి. సైజు రాసే పనే లేదు కాబట్టి తప్పడానికీ ఏమీ లేదు.

అర్రేని తీసేసి పాయింటర్ మెంబర్ పెట్టినా ఇదే కథ, అక్కడ గడుల సంఖ్యని ఒక గడి సైజుతో గుణించాలి.

మిగతావి అరుదు. గడుల్లో 16843009 కనబడితే మెమ్‌సెట్‌కి సున్నా బదులు 1 ఇచ్చారు, ఇంట్‌లోని ప్రతి బైటులోనూ 1 పడింది. ఏమీ మారకపోతే సున్నానీ సైజునీ తారుమారు చేశారు.