పాత ఇల్లు అమ్మకానికి పెట్టే ముందు

హైదరాబాద్ శివార్లలో, బోడుప్పల్, నిజాంపేట వంటి చోట్ల పాత ఇల్లు అమ్మదలచినవారు రంగులకన్నా ముందు కాగితాలు సరిచూసుకోవడం మంచిది. కొనేవారిలో చాలామంది బ్యాంకు రుణంపైనే ఆధారపడతారు కనుక, లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇంతకుముందు ఎవరి నుంచి ఎవరికి మారిందో చూపే పాత దస్తావేజులు), తాజా ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపే ధ్రువపత్రం), మంజూరైన ప్లాను, ఆస్తిపన్ను రసీదు ఒకే ఫైలులో ఉంటే న్యాయవాది పరిశీలన త్వరగా ముగుస్తుంది. గృహరుణం ఎప్పుడో తీరిపోయినా, రిజిస్టరైన తనఖాకు విడుదల పత్రం కూడా రిజిస్టరు చేయించకపోతే ఈసీలో అది అలాగే కనబడుతుంది. బేరం అక్కడే ఆగుతుంది.

ఇక బాత్‌రూమ్ వెనుక గోడపై పెచ్చులూడుతున్న చెమ్మ మరకకు పైపైన రంగు పూయించడం వృథా. టైల్స్ సందులు పూడ్పించి, గోడ పూర్తిగా ఆరిన తరువాతే పుట్టీ పెట్టించాలి. కొత్త మాడ్యులర్ కిచెన్‌కు లక్షలు పోయడం మాత్రం, నా ఉద్దేశంలో, అనవసరం.